పసుపు అంటిన స్లైడులు

ఇంకొంచెం ఇటు జరిగి కూర్చోండి. గుమ్మం దగ్గరైతే వీధిలో మోగే సాంచాల, అదే కరెంటు మగ్గాల చప్పుడుకు నా మాట మీకు చేరదు. చాప మీద చోటుంది. చేతిలో పని ఉన్నవాళ్లు పని చేసుకుంటూనే వినండి, మా ఇంట్లో కథలన్నీ అట్లాగే విన్నాం.

ఫొటోలు తీసి కంప్యూటర్‌లో అమ్మకానికి పెట్టే పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. "కాకూ, మా ఫొటోలు వెనక్కి కొడుతున్నరు, ఏం చెయ్యాలె?" అని అడుగుతారు. కాకూ అంటే ఇక్కడ పిన్ని. నేను చదివింది నాలుగో తరగతి. కంప్యూటర్ సంగతి నాకు తెలియదు. కానీ పంపిన ఫొటో వెనక్కి రావడమంటే ఏమిటో, వచ్చిన రోజు అన్నం ఎట్లా సహించదో నాకు బాగా తెలుసు. మా అత్తమ్మ పసుపు కథ విన్నారంటే మీరు ఏం చెయ్యాలో మీకే తెలుస్తుంది.

మాది షోలాపూర్‌లో దాజీ పేట్, మగ్గం పని కోసం తెలుగు నేల నుంచి వచ్చి స్థిరపడ్డ నేతవాళ్లం. ఇంటి ముందు గదిలో మా ఆయన ఫొటో స్టూడియో, వెనక కొట్టంలో మా మామ గుంట మగ్గం, నడుమ వంటిల్లు. పొయ్యి దగ్గర కూర్చుని ఇటు తిరిగితే కెమెరా, అటు తిరిగితే మగ్గం. మా ఆయన పెళ్లిళ్లకు పోయినప్పుడు స్టూడియోకు ఆడవాళ్లు వచ్చేవారు. పెళ్లి సంబంధానికి ఫొటో కావాలని, రేషన్ కార్డుకు కావాలని. మగమనిషి లేకపోతే వాళ్లకే నయంగా ఉండేది. "నువ్వే తియ్యరాదమ్మా" అనేవాళ్లు. అట్లా నాకు చెయ్యి అలవాటైంది. ఖాళీ ఉన్నప్పుడు కొట్టంలోకి పోయి మామను, మగ్గాన్ని, కండెలకు నూలు చుట్టే అత్తమ్మను తీసేదాన్ని. వాటిలో ఒకటి మా ఆయన అద్దాల పెట్టెలో, పెళ్లికూతుళ్ల ఫొటోల పక్కన పెట్టాడు.

ఆ ఫొటోనే బొంబాయి సాహెబ్ కంట పడింది. చద్దర్ల మిల్లులు చూడటానికి షోలాపూర్ వచ్చిన మనిషి, ఫ్లాషుకు సెల్లులు కొనుక్కుందామని మా దుకాణం ఎక్కాడు. ఆయనది ఫొటోల ఏజెన్సీ. అంటే ఏమీ లేదు, దేశమంతా తిరిగి తీసిన బొమ్మలు అల్మారాల్లో దాచిపెట్టుకుంటారు. కేలండర్ వేసేవాళ్లకు, పుస్తకాలు అచ్చేసేవాళ్లకు ఏ బొమ్మ కావాలంటే అది ఇస్తారు, వచ్చిన కిరాయిలో తీసినవాళ్లకు వాటా. ఆయన హిందీలో అడిగాడు, నేను మన మాటలో చెబుతున్నాను: "ఇది ఎవరు తీశారు?"

మా ఆయన నన్ను చూపించాడు. సాహెబ్ నన్ను మరాఠీలో అక్కా అని పిలిచి, "తాయీ, నీకు చూపు ఉంది. కానీ ఇది కాగితం మీద ఫొటో. నాకు స్లైడులు కావాలి. కలర్ స్లైడులు తీసి పంపు" అన్నాడు.

స్లైడు అంటే మీరు చూసి ఉండరు. అట్ట చట్రంలో బిగించిన చిన్న ఫిల్ము ముక్క. వెలుతురుకు పట్టుకుంటే రంగుల్లో బొమ్మ కనబడుతుంది. దానికి నెగెటివ్ ఉండదు. ఉన్నది ఆ ఒక్కటే. అది పాడైతే ఆ ఫొటో ఇక లేనట్టే. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

మొదటిసారి పంపినవన్నీ వెనక్కి వచ్చాయి. తప్పు ఎక్కడుందో సాహెబ్ ఓపికగా రాశాడు, మా ఆయన చదివి వినిపించాడు. ఒకే బొమ్మను అటు ఇటు జరిగి పదిసార్లు తీసి అన్నీ పంపావు, మంచిది ఒకటే ఎంచు. తెల్ల బట్ట మీద వెలుతురు ఎక్కువై కాలిపోయింది, స్లైడులో తెలుపు కాలితే మళ్లీ తేలేం, కొంచెం తక్కువ వెలుతురే మేలు. వెనక 'మగ్గం ఒకటి, మగ్గం రెండు' అని రాశావు. ఎవరి మగ్గం, ఏ ఊరు, ఏం నేస్తున్నారు? అడిగేవాడికి నేనేం చెప్పాలి? అన్నిటికన్నా పెద్ద తప్పు, అందరూ చేతులు కట్టుకుని కెమెరా వైపే చూస్తున్నారు. పని చేసే మనుషులు కావాలి నాకు.

ఈ చివరిది నా తప్పు కాదు, మా పేట తప్పు. మా దగ్గర ఫొటో అంటే ముఖం కడుక్కోవాలి, తల దువ్వుకోవాలి, మగ్గం ఆపాలి. మా మామ అయితే నల్ల టోపీ పెట్టుకుని, ఇస్త్రీ అంగీకి మెడ దాకా గుండీలు పెట్టుకుని, గుంటలో కాళ్లు జోడించి కూర్చునేవాడు. నడిచే మగ్గంలో మనిషిని ఫొటో తీయడమంటే ఆయన లెక్కలో అన్నం తింటుంటే తీసినంత అమర్యాద.

నేను బుద్ధిగా నేర్చుకున్నాను. భూతద్దం కొనుక్కుని ఒక్కో స్లైడును కిటికీకి ఎదురుగా పట్టి చూసేదాన్ని. పడుగులో దారం దారంగా విడివిడిగా కనబడితేనే ఉంచడం, కొంచెం అలికినట్టున్నా పక్కన పెట్టడం. ఇప్పుడు మీరు తెర మీద పెద్దది చేసి చూస్తారే, అదే పని. రెండో విడతకు మామ టోపీ పెట్టుకునేలోపే కొన్ని దొరకబుచ్చుకున్నాను. ఏరి ఏరి ఎంచాను. వేళ్లు తగలకుండా అంచులు పట్టుకుని ప్లాస్టిక్ జేబుల్లో వేశాను. మా ఆయన చూసి, "ఈసారి వెనక్కి రావు" అన్నాడు. ఆ మాటకు నాకు అరిసె తిన్నంత తీపి.

వచ్చాయి. అన్నీ వచ్చాయి.

"ఫొటోలు బాగున్నాయి, అందుకే బాధగా ఉంది" అని రాశాడు సాహెబ్. "ప్రతి స్లైడు మీద పచ్చటి పొడి ఉంది. భూతద్దంలో చూస్తే ఇసుక పోసినట్టుంది. తుడవబోతే ఫిల్ము గీరుకుంది, ఆ పచ్చ రంగు లోపలికి కూడా దిగింది. వీటిని ఎవరికీ చూపలేను. ఇంకొక్కసారి చూస్తాను తాయీ, ఆ తర్వాత నన్ను అడగొద్దు."

మా ఆయన అగ్గిలాగా లేచాడు. స్లైడులు కడిగింది పుణే ల్యాబువాళ్లు. ఎదురింటి సేఠ్ దగ్గరికి పోయి ట్రంకు కాల్ బుక్ చేసి, మరాఠీలో, హిందీలో, మధ్యలో తెలుగులో కూడా తిట్టాడు. వాళ్లు తమకేమీ తెలియదన్నారు. ఇంటికొచ్చి చెప్పు విసిరికొట్టాడు. అప్పుడు కొట్టంలో నుంచి అత్తమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమాయెరా? బొంబాయోళ్లు నా పసుపు సూసిండ్రా?"

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం.

"ఏం పసుపే అవ్వా?" అని తల్లిని మెల్లగా అడిగాడు మా ఆయన.

"గదే, ఆనాడు పొద్దుమీకి నీ పెండ్లాం పాకీట్ మూతి కట్టకుంట పెట్టి పాలకు పోలేదా? మన ఇంట్ల నుంచి కొత్త గుడ్డ ఏది పోయినా మూలకు పసుపు వెట్టక పంపినమా? ఇదీ పిల్ల కష్టమే గద. ఒక్కోదానికి జర్ర జర్ర అద్దిన. బరాబ్బర్ మూలకే వెట్టిన, నడుమ వెట్టలే."

ఆమె ముఖంలో ఎంత సంతోషమో! తన కోడలి సరుకుకు తాను శకునం చేసి పంపినానని. మగ్గం మీద నుంచి చీర దిగితే అంచు మూలకు వేలితో పసుపు అద్దనిదే ఆ చీరను మడత పెట్టనిచ్చేది కాదు ఆమె. అదే వేలు నా స్లైడులన్నిటి మీదా పడింది. జేబుల్లో ఆ పొడి రాలి, బొంబాయి దాకా రైల్లో ఊగి ఊగి ఫిల్మునంతా నూరేసింది.

"అవ్వా! నీ పసుపే ముంచింది" అని మా ఆయన నోరు జారాడు.

నవ్వుతున్న ముఖం అట్లాగే నిలిచిపోయింది. "నా పసుపు ముంచిందా?" అంది. "నా పెండ్లికి పెట్టిన పసుపు, నిన్ను తొట్టెల్లో ఏసిన నాడు పెట్టిన పసుపు. అది ముంచిందా? సరే తియ్, బరా బాబా. ఇగ నా చేతులు మీ ఫొటోలకు తగలయి." కొట్టంలోకి పోయి రాట్నం ముందు కూర్చుంది. ఆ రోజు నుంచి మా ఇద్దరితో మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది, నీళ్లిస్తే తాగేది. కెమెరా చేతిలో కనబడితే గోడ వైపు తిరిగేది.

నాకు రెండు దిగుళ్లు. ఆమె అలక ఒకటి. రెండోది, మగ్గం వెళ్లిపోతోంది. మామకు మోకాళ్లు పట్టేశాయి, గుంటలో దిగి లేవలేకపోతున్నాడు. మరుదులు కరెంటు సాంచా మాట్లాడుకున్నారు. ఇప్పుడున్న పడుగు అయిపోతే మగ్గం ఊడదీసి, గుంట పూడ్చి, ఆ చోట సాంచా దించడానికి నిర్ణయమైపోయింది. పాత స్లైడులు పాడయ్యాయి. మళ్లీ తీయాలంటే ఆ మగ్గం మీద మిగిలింది ఆ కాస్త పడుగే. అది దాటితే మా ఇంటి మగ్గం నడుస్తున్న స్లైడు అన్నదే ఉండదు, బొంబాయి తలుపూ మూసుకున్నట్టే.

ఆఖరి చీర ముగిసే రోజు పొద్దున్నే కొట్టంలో చేరాను. కప్పులో ఒక అద్దం పెంకు ఉండేది. భోజనాల వేళకు ముందు దాంట్లో నుంచి ఎండ సరిగ్గా మగ్గం మీద పడుతుంది, కొంతసేపటికే గోడెక్కిపోతుంది. అటుపక్క నీడ మరీ నల్లగా రాకుండా ఒక తెల్లటి కోర గుడ్డను దండెం మీద ఆరవేసినట్టు కట్టాను. ఎండ దాని మీద పడి వెనక్కి తిరిగి మామ ముఖాన మెత్తగా పడింది. స్టాండు కాళ్లు పరిచి కెమెరాను నేలకు దించాను. గుంటలో కూర్చున్న మనిషిని నిలబడి తీస్తే నెత్తి తప్ప ఏమీ రాదు.

మామ వచ్చాడు. నల్ల టోపీ, ఇస్త్రీ అంగీ, మెడ దాకా గుండీలు. గుంటలో దిగి, పడుగు నడుమ నూలును అటు ఇటు మోసే నాడెను గాల్లో ఆయుధం లాగా పట్టుకుని, నా వైపు తిరిగి బిగుసుకుపోయాడు.

"మామా, నువ్వు నెయ్యి. నేనున్నట్టే అనుకోకు" అన్నాను.

"ఎట్ల అనుకోవద్దు బిడ్డా? ఎదురుంగ ఉంటివి. ఫొటో అంటే ఫొటో లెక్కనే ఉండాలె. బొంబాయోళ్లు సూత్తరు."

"వాళ్లకు నేసే మనిషే కావాల్నట."

"నేసేటోనికి ఫొటో ఎందుకే? రోజూ నేత్తనే ఉంటిని."

ఎన్ని చెప్పినా కదల్లేదు. ఎండ కప్పు మీద జరుగుతోంది. మిగిలిన పడుగు మూరెడో, ఇంకొంచెమో. అప్పుడు గోడ వైపు తిరిగి రాట్నం తిప్పుతున్న అత్తమ్మ, తల తిప్పకుండానే నోరు తెరిచింది. నాతో కాదు, ఆయనతో.

"ఏందయ్యా గట్ల బిగుసుకున్నవ్? నన్ను సూడవచ్చిన నాడు గూడ గింత బిగుసుకోలె."

మామ కళ్లు అటు తిరిగాయి. "నీకేం ఎరుక? నువ్వు తలకాయ వంచుకునే గూసున్నవ్ గద."

"తలకాయ వంచితే కండ్లు మూసుకున్నట్టా? అన్నీ సూసిన. నీ అంగీకి నడుమ గుండీ లేదు. పిన్నీసు వెట్టుకొని వచ్చినవ్."

"అరె! ఇన్నేండ్లు చెప్పకపోతివి!"

"చెప్తె ఏం జేత్తువు, గుండీ కుట్టుకుందువా? ఇగో కండె. లవ్కర్, జల్ది పట్టు, పడుగు ఎండిపోతాంది."

కండె అందుకున్నాడు, నాడెలో వేశాడు. నవ్వు ఆపుకోలేక టోపీ తీసి పక్కన పెట్టాడు, మెడ గుండీ విప్పుకున్నాడు. "ఆ అంగీ నాది గాదే, మా అన్నది. నాకు లూజుండె" అంటూనే కాలు తొక్కాడు, నాడె విసిరాడు. మగ్గం నడిచింది. ఆమె ఒక మాట అనడం, ఈయన ఒక మాట అనడం, మధ్యలో నాడె అటు ఇటు ఉరకడం. నేనున్నానన్న సంగతి ఆయన మరిచిపోయాడు. ఊపిరి బిగబట్టి మీట నొక్కాను. ముఖం, పడుగు నిలకడగా ఉండాలి, నాడె మాత్రం పరుగెత్తినట్టు గీతలాగా రావాలి. అడ్డంగా తీశాను, మళ్లీ నిలువుగా తీశాను, పుస్తకం అట్టకు నిలువు కావాలి కదా. పైన చీకటి గోడను ఖాళీగా వదిలాను, అచ్చేసేవాళ్లు అక్షరాలు పెట్టుకోవడానికి.

పడుగు అయిపోయింది. మగ్గం ఆగిన ఆ నిశ్శబ్దాన్ని ఏమని చెప్పను! నేను ఆ ఇంటికి కోడలుగా వచ్చినప్పటి నుంచి పగటి పూట అట్లాంటి నిశ్శబ్దం వినలేదు. మామ చీర కోసి దించాడు. అత్తమ్మ లేచింది. అలవాటుగా గూట్లో నుంచి పసుపు భరిణ తీసింది, వేలు ముంచింది, చీర మూల అందుకుంది. అప్పుడు నన్ను చూసింది, నా చేతిలో కెమెరాను చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా పసుపు మీ బొంబాయోనికి కిట్టదు గద."

"స్లైడు మీద ఉండొద్దు గని, స్లైడు లోపల ఉండాలె అత్తమ్మా" అన్నాను. "పెట్టు. మెల్లగ పెట్టు."

ఆమె నన్ను విడిచి చీర వైపు తిరిగింది. ముడతలు పడిన ఆ వేలు ఆకుపచ్చ అంచు మూల మీద ఆనింది. వెనక ఖాళీ మగ్గం. గోడెక్కబోతున్న ఎండ, తెల్ల గుడ్డ మీద పడి ఆమె చేతి మీదికి వచ్చింది. రీలులో మిగిలిందంతా అక్కడే ఖర్చు పెట్టాను.

స్లైడులు కడిగి వచ్చాక ఎంచడానికి కూర్చుంటే అత్తమ్మ దూరంగా, చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది. ఫొటోలో ఉన్నవాళ్ల ఒప్పుదల కావాలని సాహెబ్ పంపిన కాగితం మీద మామ సంతకం గీశాడు. అత్తమ్మకు రాయడం రాదు, వేలిముద్ర వేయాలి. సిరా పెట్టె ముందు పెడితే ఆమె మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"ఓ దిక్కు నా వేలు తగలొద్దంటరు. ఇంకో దిక్కు వేలు వెట్టుమంటరు. మీ బొంబాయోనికి ఏం గావాల్నో వానికే తెల్వదు."

మా ఆయన పడీ పడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అన్ని రోజుల తర్వాత ఆ ఇంట్లో మళ్లీ నవ్వు వినబడింది.

పార్సిల్ కట్టే పని ఇద్దరం కలిసి చేశాం. స్లైడులు ప్లాస్టిక్ జేబుల్లో, జేబులు గట్టి అట్టల నడుమ, అట్టల చుట్టూ కవరు. ఒక్కో స్లైడు చట్రం మీద నేను చెప్పిందంతా మా ఆయన ఇంగ్లీషులో రాశాడు. ఏ ఊరు, ఏ పేట, ఏ జిల్లా నుంచి వచ్చిన నేతవాళ్లు, ఏ చీర, చేస్తున్న పని ఏమిటి. కవరు మీద కోర గుడ్డ చుట్టి అత్తమ్మే దబ్బనంతో కుట్టింది. కుట్టు ముగిశాక నా వైపు చూసింది. నేను భరిణ అందించాను. పై గుడ్డ మూలకు, బయటి వైపున, వేలితో అద్దింది.

జవాబు వచ్చిన రోజు మా ఆయన స్టూడియోలోనే విప్పి, చదువుతూ చదువుతూ వంటింట్లోకి వచ్చాడు. సాహెబ్ మగ్గం ఫొటో ఉంచుకున్నాడు, పసుపు ఫొటో ఉంచుకున్నాడు, ఇంకొన్ని కూడా. "మూటను విప్పగానే నా చేతులు పచ్చబడ్డాయి. సబ్బుతో కడుక్కుని గానీ లోపలి కవరు ముట్టుకోలేదు. లోపల ఒక్క నలుసు లేదు. తాయీ, ఇక నుంచి నీకు నా ముందు పరీక్ష లేదు, పంపుతూ ఉండు" అని రాశాడు. చేతిలో రొట్టె పిండి ఉంది, కాగితం ముట్టుకోలేను. అట్లాగే నిలబడి మళ్లీ చదివించుకున్నాను, మళ్లీ, ఇంకోసారి.

మగ్గం ఊడదీశారు. గుంట పూడ్చారు. సాంచా వచ్చింది, ఇల్లంతా దడదడ. నేను మాత్రం ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ సాహెబ్‌కు స్లైడులు పంపుతూనే ఉన్నాను. జోడ్‌భావి పేట్ వాకిళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లు, రంగుల గాబుల్లో నూలు ముంచేవాళ్లు, చద్దర్లు మోసే హమాలీలు. నాలుగో తరగతి చదివిన కోడలు తీసిన ఫొటోలు ఏ ఊళ్లలో ఏ గోడల మీద వేలాడాయో నాకే తెలియదు. గొప్పలు చెబుతోందనుకోకండి. కొంచెం అనుకున్నా ఫరవాలేదు.

కొన్నాళ్లకు సాహెబ్ ఒక పుస్తకంలోని పేజీ కత్తిరించి పంపాడు. నేత గురించిన పుస్తకమట. పేజీ నిండా మా అత్తమ్మ వేలు, ఆకుపచ్చ అంచు, పసుపు. కింద అచ్చు అక్షరాల్లో షోలాపూర్, తెలుగు నేత కుటుంబం అని ఉంది. అత్తమ్మకు ఇచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. లేచి పోయి గూట్లో నుంచి భరిణ తెచ్చింది. వేలు ముంచి, పేజీ దగ్గరికి తెచ్చి ఆగింది.

"ఏమే బిడ్డా, ఇప్పుడు వెట్టొచ్చునా?"

"పెట్టు అత్తమ్మా."

పెట్టింది. బరాబ్బర్ మూలకే, నడుమ కాదు.

అదిగో, మీ తల మీద గోడకు అద్దంలో ఉన్నది ఆ పేజీయే. కుడి వైపు కింది మూల చూడండి, రంగు కొంచెం వెలిసింది కానీ వేలి గుర్తు తెలుస్తుంది. పిల్లలూ, మీ ఫొటో వెనక్కి వస్తే మీ మీద కోపం అనుకోకండి. దుమ్ము ఎక్కడ పడిందో వెతకండి, దారం దారంగా చూడండి, ఎవరిదో ఎక్కడిదో రాయండి, మనుషుల ఒప్పుదల అడగండి. మీ ఇంట్లోవాళ్ల చేతులు తగిలి ఏదైనా పాడైతే మాత్రం, నోరు జారే ముందు ఆ చేతులను ఒకసారి ఫొటో తీయండి.

ఇక లేవండి, పొద్దు పోయింది. మీ ఇళ్లలో కొత్త బట్ట దిగిన ప్రతిసారీ దాని మూలకు పసుపు అద్దే పెద్ద చెయ్యి ఒకటి ఉండాలి. అలిగినవాళ్లు అన్నం వేళకు నవ్వాలి. మీ వాకిట్లో నుంచి బయటికి పోయిన కష్టం మీ పేరుతోనే చల్లగా తిరిగి రావాలి.